ఎండ తిన్న దారము

వస్తువులు పాతబడుటలో రెండు తీరులున్నవి. కొన్ని తాము పాతబడితిమని చెప్పి పాతబడును. ఇనుము త్రుప్పు పట్టి చెప్పును. చొక్కా మోచేతికడ చిరిగి చెప్పును. గొడుగు నాలుగు చోట్ల కారి చెప్పును. మరికొన్ని ఏమియు చెప్పవు. నిన్నటివలెనే నేడును మెరయుచుండును. మనము నమ్మి చేతబట్టిన నాడు, బరువు పడిన క్షణమున, పుటుక్కున తెగిపోవును. చేపల గాలమునకు కట్టెడి నైలాన్ దారము ఈ రెండవ జాతిది. అటకమీద దాచిన దారమును మరల వాడవచ్చునా, పారవేసి క్రొత్తది కొనవలెనా అను ప్రశ్న చూచుటకు మిక్కిలి చిన్నది. బడిపిల్లలకు చెప్పదగిన విషయమా ఇది యని కొందరు పెద్దలు ముఖము చిట్లింపవచ్చును. వ్యాకరణము చెప్పి బ్రదికినవానికి గాలముతో పనియేమని నా మిత్రులే నన్ను అడిగిరి. కాలువగట్టున కూర్చుండి బెండువైపు చూచుచు నేను వల్లెవేసినంత వ్యాకరణము తరగతి గదిలో వల్లెవేయలేదని వారికి నేను చెప్పిన సమాధానము.

మాది కృష్ణా డెల్టా. ఇచ్చట నీరు లేని ఊరు లేదు, గాలము లేని ఇల్లును అరుదే. 1855లో పూర్తియైన పాత ఆనకట్ట 1952లో దెబ్బతినగా, 1954లో మొదలుపెట్టి 1957లో విజయవాడకడ ప్రకాశము బ్యారేజీని ముగించిరి. అచ్చటినుండి ఏలూరు కాలువయు, రైవస్ కాలువయు, బందరు కాలువయు నగరము నడుమనుండియే సాగిపోవును. వేసవిలో ఈ కాలువలను కట్టివేయుదురు. నీరు తీసి, బురద బయటపడి, అడుగున నిలిచిన గుంటలలో కొంగలు తపస్సు చేయుచుండగా మా గాలములన్నియు అటక లెక్కును. వానకాలపు ఆరంభమున మరల నీరు విడిచినారని విన్న నాడు ముసలివారికిని చిన్నపిల్లలకును కాలు నిలువదు. అందరును అటకలు వెదకుదురు.

సముద్రము మీద బ్రదుకువారికిని ఇట్టి విరామమే కలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలతో వేటను నిషేధింతురు. ఆ దినములలో మచిలీపట్నపు గిలకలదిండి రేవున పడవలు వరుసగా కట్టియుండును. వలలును, గాలపు దారములును ఒడ్డు చేరును. ఇక్కడనే ఒక చిక్కున్నది. మా డెల్టాలో ఎండ ఉగ్రరూపము దాల్చునదియు ఈ రెండు నెలలలోనే. విజయవాడలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన దినములును కలవు. రేకుల కప్పు క్రింద, అటకమీద, వేడి ఇంకను హెచ్చు. మనము దారమునకు విశ్రాంతి ఇచ్చితిమని అనుకొను కాలమే దానికి ఎక్కువ చెరుపు చేయు కాలము.

నాకు గాలము పట్టుట నేర్పినది బందరు కాలువ గట్టున కాపురమున్న ఒక జాలరి పెద్ద. ఊరివారందరు ఆయనను తాతయనియే పిలిచెడివారు. నేను ఆయనయొద్ద చేరునప్పటికి నైలాన్ దారము పల్లెలకు వచ్చి యుండెను. తాత మాత్రము నూలు దారముల కాలము చూచినవాడు. తుమ్మచెక్కను ముక్కలు చేసి, పెద్ద కుండలో కాచి, ఆ ఎఱ్ఱని కషాయములో నూలు దారమును నానబెట్టి, నీడన ఆరవేసెడివారట. కషాయము పట్టని నూలు కొలది వారములలోనే నీటిలో కుళ్ళిపోవును. నీటియందు కంటికి కనబడని సూక్ష్మజీవులు నూలును తినివేయును. తుమ్మచెక్కలోని వగరు వానికి పడదు. ఎంత కాపాడినను నూలు దారము ఏదో ఒకనాడు నల్లబడును, వాసన కొట్టును, పీచు లేచును. అప్పుడు దానిని మార్చవలెనని చంటిపిల్లవానికి కూడ తెలియును.

"నూలుదారం దగ్గి దగ్గి, మూలిగి మూలిగి పోద్దిరా అబ్బాయ్. ఇది అట్టా కాదు. పొద్దున నవ్వతా ఉంటది. మాపటికి ఉండదు" అని తాత నైలాన్ దారమును చూపి అనెడివాడు.

ఈ నైలాన్ పుట్టినది మన ప్రాంతమున కాదు. 1935లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ ప్రయోగశాలయందు వాలెస్ కరోథర్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని తయారుచేసెను. అది అంగడికి రాకమునుపే, 1937లో, ఆయన మరణించెను. 1938లో జర్మనీలో పాల్ ష్లాక్ అనునాయన మరియొక విధమైన నైలాన్‌ను కనుగొనెను. తొలుత ఇది పండ్లు తోముకొను కుంచెలకును, స్త్రీల మేజోళ్ళకును పనికివచ్చినది. మనదేశమున 1952లో నార్వే దేశముతోను, ఐక్యరాజ్యసమితితోను చేసికొన్న ఒప్పందము ననుసరించి కేరళ తీరమున యంత్రపు పడవల వాడుక మొదలయ్యెను. క్రొత్త రకపు దారములు, వలలు కూడ క్రమముగా తీరములకు వచ్చెను. చేపల వేటకు కావలసిన సాధనములను పరిశోధించుటకు 1957లో కొచ్చిన్‌లో ఒక కేంద్ర సంస్థ ఏర్పడినది. దాని శాఖ యొకటి నేడు మన విశాఖపట్నమున పనిచేయుచున్నది. చరిత్ర ఇంతటితో చాలును. ఎక్కడ పుట్టిన దారమైనను మా కాలువగట్టున మా ఎండనే తినవలెను గదా.

గాలమునకు కట్టునది పేనిన దారము కాదు, ఒకే పోగు. మీ ఇంట జంతికలు వత్తుట చూచియుందురు. గొట్టములో పిండి పెట్టి పైనుండి నొక్కగా అడుగున రంధ్రములగుండా పిండి తీగలుగా దిగును. అదే విధముగా నైలాన్‌ను సుమారు 220 డిగ్రీలకు మించిన వేడిమిలో కరగించి, సన్నని రంధ్రముగుండా నెట్టి, చల్లార్చి, ఆ తీగను దాని పొడవునకు పలురెట్లుగా సాగదీయుదురు. బలమంతయు ఈ సాగదీతలో ఉన్నది. సాగక ముందు నైలాన్‌లోని పొడవైన అణువులు ఆటవిడుపు గంటకు బయటికి వచ్చిన పిల్లలవలె చిందరవందరగా ఉండును. సాగిన పిమ్మట ప్రార్థనకు నిలిచిన పిల్లలవలె వరుసదీరి, ఒకరి చేతు లొకరు పట్టుకొని నిలుచును. ఆ పట్టుదలయే దారపు బలము.

ఎండ ఈ చేతులను విడదీయును. సూర్యకాంతిలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు ఆ పొడవైన అణువులను అక్కడక్కడ త్రెంచుచు పోవును. వేడి, గాలిలోని ఆమ్లజని, ఆ పనికి తోడ్పడును. ఒకనాటితో అయ్యెడి పని కాదు. నెలల తరబడి ఎండలో వ్రేలాడిన దారమునకు మొదట రంగు వెలియును. పిమ్మట మెరుపు తగ్గి సున్నము పూసినట్లు తెల్లబారును. ఆపైన సాగెడి గుణము పోయి పెళుసుబారును. అన్ని దారములును ఇట్లు ముఖమున చూపవు. కొన్ని మెరుపు చెడకయే బలము పోగొట్టుకొనును. అవియే ప్రమాదము.

నీటి సంగతి వేరు. నైలాన్ నీటిని పీల్చును. తడిసిన దారము పొడి దారము కంటె మెత్తనై, బలము పదవవంతుకు మించి తగ్గును. ఆరిన వెంటనే ఆ బలము మరల వచ్చును. కావున నీటిని శత్రువని అనుటకు వీలులేదు. కాని దారమును పరీక్షించువాడు తడిపి పరీక్షింపవలెను. చేప తగులునది నీటిలోనే గదా! ఫ్లోరోకార్బన్ అను మరియొక రకపు దారము నీటిని పీల్చదు. అది ఖరీదు హెచ్చు. మా కాలువగట్టున దానిని చూచుట అరుదు.

తాత పరీక్ష చూడ ముచ్చటగా నుండెడిది. నీరు విడుచుటకు రెండు దినముల ముందు ఆయన చావడి అరుగుమీద కూర్చుండి, దారమును బారలు బారలుగా లాగుచు, పెదవుల నడుమనుండి పోనిచ్చెడివాడు. జీవితమంతయు త్రాళ్ళు లాగిన ఆయన వ్రేళ్ళకు చిన్న గాట్లు తెలిసెడివి కావు, పెదవులకు తెలిసెడివి. మీరు అట్లు చేయనక్కరలేదు. మీ వ్రేళ్ళింకను మెత్తనివి. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ దారమును మెల్లగా లాగినచో, రాతికి రాచుకొన్న చోటును, పంటిగాటు పడిన చోటును గరుకుగా తగులును. వ్రేళ్ళను నమ్మలేనివారు దూదిని పట్టి దారమును దానిగుండా లాగి చూడవచ్చును. గాటున్న చోట దూది పోగు చిక్కి నిలుచును. అట్టి గాట్లు సామాన్యముగా గాలపు కొక్కెమునకు దగ్గరగా నుండు రెండు బారలలోనే యుండును. రాయి, ముల్లు, నత్తగుల్ల, చేప పండ్లు అన్నియు తగులునది ఆ భాగమునకే. కావున ఆ రెండు బారలను దాచుకొని వాడుటలో పొదుపు లేదు. తాత కాలువలకు నీరు వచ్చిన ప్రతి యేడు, చూడకుండనే, కత్తితో ఆ రెండు బారలను కోసివేసెడివాడు.

గాట్లు లేని దారము మంచిదనుటకు వీలులేదు. ఎండ తిన్న దారము నున్నగనే యుండవచ్చును. దానికి వేరు పరీక్ష. ఒక మూరెడు దారమును రెండు చేతులకు గుడ్డ చుట్టుకొని నిదానముగా లాగవలెను. మంచి దారము కొంత సాగి, విడిచిన పిమ్మట మరల వెనుకకు పోవును. చెడిన దారము సాగదు. చిన్న చప్పుడుతో తెగును. లేదా సాగినది సాగినట్లే యుండి వెనుకకు పోదు. ఇంకొకటి: ముడి వేసి చూడవలెను. ఏ దారమైనను ముడికడ బలము తగ్గును. తిన్నగా వేయని మామూలు ముడికడ సగమునకు పడిపోవుటయు కలదు. ముడి వేయునపుడు ఉమ్మితోనో నీటితోనో తడుపక పొడిగా బిగించినచో రాపిడి వేడికే నైలాన్ చెడును. తడిపి, మెల్లగా బిగించి, అప్పుడు లాగగా ముడికడ పుటుక్కుమన్నచో ఆ దారముతో ఇక పని లేదు. చుట్టలు చుట్టలుగా లేచు దారమును చూచి చెడినదని కొందరు పారవేయుదురు. అది తొందరపాటు. రీలునకు చాలకాలము చుట్టియుంచిన దారమునకు ఆ వంపు అలవాటగును. గోరువెచ్చని నీటిలో కొంతసేపు నానబెట్టి, రెండు చెట్లకు కట్టి సాగదీసి నిలిపినచో చాలవరకు సరియగును.

నా ఉద్యోగపు తొలి దినములలో జరిగిన ఒక సంగతి చెప్పెదను. అప్పటికి తాతకు చూపు మందగించెను. ఆయన కుమారుడు పట్టణమునకు పోయి ఒక అంగడిలో క్రొత్త దారము కొని తెచ్చెను. కాగితపు చీటీ చెక్కుచెదరలేదు, దారము తళతళలాడుచుండెను. ఆ సాయంకాలము కాలువ లాకుల దిగువన తాత గాలమునకు పెద్ద వాలుగ తగిలినది. వాలుగ అనగా సామాన్యమైన చేప కాదు. నోరు పెద్దది, పండ్లు వాడియైనవి, నీటి అడుగున పట్టినచో మనిషిని గట్టున నిలువనీయదు. తాత దానిని తొందరపెట్టలేదు. దారము వదలుచు, లాగుచు, గట్టువెంట నడచుచు, పావుగంట దానితో మాటలాడినట్లే ఆడెను. అది ఒడ్డునకు వచ్చి, తెల్లని కడుపు చూపి, ఒక్కసారి తల విదిలించినది. దారము తెగినది. తెగినది కొక్కెముకడ కాదు, ముడికడ కాదు, నడిమధ్యన.

ఆ చేప నాటి ధరకు ఆ యింటికి నాలుగు దినముల బియ్యము. తాత కుమారుని ఒక్క మాట అనలేదు. తెగిన కొసను వ్రేళ్ళతో తడిమి, మరియొక మూరెడు లాగి త్రెంచి చూచి, "మాస్టారూ, ఇది కొత్తదే గాని కొట్టు ముందర వేలాడిందండి. ఎండ తిన్నది" అనెను. కొంతసేపటికి మరల, "కొక్కెం నోట పెట్టుకు పోయింది. మనకీ కూడు లేదు, దానికీ బతుకు లేదు" అనెను. ఆ రెండవ మాటయే నాకు ఎక్కువగా గుర్తున్నది.

మరునాడు నేను పట్టణమునకు పోయినపుడు ఆ అంగడి ముందు నిలిచి చూచితిని. గుమ్మమునకు కట్టిన పురికొసకు రంగురంగుల దారపు రీళ్ళు తోరణమువలె వ్రేలాడుచుండెను. పడమటి ఎండ సూటిగా వానిమీద పడుచుండెను. అవి ఎన్ని నెలలనుండి అట్లున్నవో అడిగినచో అంగడివాడు లెక్క చెప్పలేకపోయెను. నాటినుండి నేను దారము కొన్నప్పుడు గుమ్మమున కట్టినది వలదని, లోపలి పెట్టెలో నున్నది ఇమ్మని అడుగుదును. కొన్న దినమునుబట్టి దారపు వయస్సు లెక్కించుట సరికాదు. వెలుతురులో నున్న దినములను లెక్కింపవలెను. చీకటిలో, చల్లని చోట, పెట్టెలో నుంచిన దారము కొన్ని యేండ్లు చెడకయుండును. గుమ్మమున వ్రేలాడినది ఒక్క యేటిలో ముసలిదగును. ఏటేట తప్పక మార్చవలెనని చెప్పువారితో నేను ఏకీభవింపను. పంచాంగము చూచి పెండ్లి చేయవచ్చును గాని, దారము మార్చుటకు దారమునే చూడవలెను. డబ్బున్నవారికి ఏటేట మార్చుట సులభము. గాలముమీద కూర తెచ్చుకొనువారికి నూరు మీటర్ల రీలు అనవసరముగా పారవేయుట ఒక పూట కూలి పారవేయుటతో సమానము.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ మొదలగు ప్రాంతములను ముంచివేసినది మీలో చాలమందికి తెలియును. ఆ దినములలోనే ప్రకాశము బ్యారేజీనుండి 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు పైగా నీరు పోయెను; అంతటి ప్రవాహము అంతకు ముందు అక్కడ నమోదు కాలేదు. మా యింటిలో నడుములోతు నీరు నిలిచెను. నీరు తీసిన పిమ్మట తలుపు తీయగా మొదట కనబడినవి నా పుస్తకములు. నలుబది యేండ్లు నా బల్లమీద నున్న నిఘంటువు ఇటుకరాయివలె అంటుకొనిపోయి, పుట విప్పబోగా బురదముద్దగా చేతికి వచ్చెను. అంచులలో నేను వ్రాసికొన్న గుర్తులన్నియు దానితోనే పోయెను. మంచము క్రింది రేకు పెట్టెలో గాలపు దారము మాత్రము బురద పూసికొని చెక్కుచెదరక కూర్చుండెను. అక్షరము పోయి గాలము మిగులుట చూచి నాకు కొంత కోపము వచ్చినదనుట నిజము. ఒక నెలవరకు ఆ పెట్టెవైపు చూడలేదు.

తరువాత చూడవలసి వచ్చెను. బురదనీటిలో నానిన దారము పనికివచ్చునా యని మా వీథిలోని ఇద్దరు పిల్లలు అడిగిరి. వారి యింట కూడ దారములు మునిగినవి. వారి తండ్రి కాలువలో చేపలు పట్టి అమ్ముకొనువాడు. మూఢముగా అవుననుటయో కాదనుటయో కంటె తూచి చూచుట మేలని, నా యొద్దనున్న మూడు రీళ్ళను వరండాలో పెట్టితిమి. మూడును ఒకే కంపెనీవి. మూటిమీదను 8 కిలోలని వ్రాసియున్నది. ఒకటి గుడ్డలో చుట్టి లోపలి గదిలో చెక్క బీరువా పై అరలో అయిదేండ్లుగా ఉన్నది. నీరు అంత ఎత్తుకు రాలేదు. ఇంకొకటి ఊచల కిటికీ ప్రక్కన మేకుకు రెండు వేసవులు వ్రేలాడినది. మూడవది రేకు పెట్టెలో వరద త్రాగినది. దానిని మంచినీటితో మూడుసార్లు కడిగి నీడన ఆరవేసితిమి. ఇసుకరేణువులు పోవువరకు కడుగుట అవసరము. బురద ఆరి దారమునకు అంటుకొన్నచో తరువాత లాగినప్పుడెల్ల ఆకురాయివలె గీయును. సముద్రపు ఉప్పును అంతే. అందువలననే సముద్రమున వేటాడి వచ్చినవాడు దారమును మంచినీటితో కడిగి దాచుకొనుట మంచిది.

మా తూకము సులభమైనది. ఒక లీటరు నీరు ఒక కిలో తూగును. ఖాళీ బకెట్టు అరకిలో. నున్నని వెదురుబద్దకు దారమును ఏడెనిమిది చుట్లు చుట్టి పైకొస కట్టితిమి. అడుగుకొసను తడిపి, గాలమునకు వేసెడి ముడియే వేసి, బకెట్టు చేతికి తగిలించితిమి. బకెట్టు నేలకు నాలుగంగుళముల ఎత్తున మాత్రమే యుండవలెను. ముఖము దగ్గరగా పెట్టరాదు. తెగిన కొస కొరడావలె వచ్చును. అటుపిమ్మట అరలీటరు చొప్పున నీరు పోయుచు వచ్చితిమి. పిల్లలు లెక్క వ్రాసిరి. అంగడిలోనుండి అప్పుడే తెచ్చిన క్రొత్త దారము బకెట్టుతో కలిపి 7 కిలోలవరకు ఆగినది. ఎనిమిదేల కాలేదని చిన్నవాడు అడిగెను. ముడి తిన్నది, తడి తిన్నది అని పెద్దవాడు నాకంటె ముందే చెప్పెను. బీరువాలోని అయిదేండ్ల దారము ఆరున్నర మోసినది. కిటికీకడ వ్రేలాడినది మూడు కిలోలకే తెగినది. వరద త్రాగినది మాకందరకును ఆశ్చర్యము కలిగించినది: పై కొసన రేణువులు గీసిన భాగము నాలుగు కిలోలకు తెగినను, అయిదు బారలు తీసివేసిన పిమ్మట ఆరు కిలోలు మోసినది.

క్రొత్తదాని బలములో మూడవ వంతు పోయినచో దారము మార్చవలెనని నా నియమము. ఇది శాస్త్రము కాదు. నా అనుభవము నాకు చెప్పిన హద్దు. చిన్న చేపలకు వేయువాడు ఇంకను కొంత ఓర్చుకొనవచ్చును. వాలుగకో పెద్ద బొచ్చెకో వేయువాడు అంతవరకు ఆగరాదు.

కిటికీకడి రీలును గూర్చి పెద్దపిల్లవాడు ఒక ప్రశ్న వేసెను. "మాస్టారండీ, ఎండ పైనున్న దారానికే కదా తగిలింది. లోపలిది ఎందుకు పాడవుతుంది?" నాకు ఆ ప్రశ్న మిక్కిలి నచ్చినది. వెంటనే పైవరుసలు విప్పుచు, ప్రతి అయిదు బారలకును ఒక ముక్క కోసి తూచితిమి. మూడు, మూడున్నర, అయిదు, ఆరు. పైనున్న వరుసలు తమ క్రింది వరుసలకు గొడుగు పట్టినవి! పదునైదు బారలు పారవేయగా మిగిలినది అయిదేండ్ల దానికి దగ్గరగా తూగినది. ఆ పిల్లల తండ్రి తన రీళ్ళను పారవేయుటకు సంచిలో కట్టియుంచెనట. సంచి విప్పి, వారు స్వయముగా కడిగి, బకెట్టుతో తూచి, నాలుగింటిలో మూటిని నిలుపుకొనిరి. నాల్గవది నిజముగనే చెడినది.

ఆ తరువాత నేను రీళ్ళకు ఒక హాజరుపట్టీ పెట్టితిని. ప్రధానోపాధ్యాయునకు పట్టీ లేనిదే నిద్రపట్టదని మా యింటివారు నవ్వుదురు. ప్రతి రీలు ప్రక్కన చీటీ అంటించి, కొన్న తేది, ఎక్కడ ఉంచినది, ఎప్పుడు తూచినది, ఎంత మోసినది వ్రాయుదును. కాలువలు కట్టివేసిన దినమున దారమును కడిగి, ఆరవేసి, నల్లగుడ్డలో చుట్టి, అటకమీదికి కాక ఇంటిలో నేలకు దగ్గరగా చల్లని అరలో పెట్టుదును. ఎలుకలు కొరకకుండ మూతగల డబ్బా మేలు. నీరు విడుచుటకు ముందు దారమును తిరగవేసి చుట్టుదును. ఇంతకాలము అడుగున నిద్రించిన కొస పైకి వచ్చును, పని చేసిన కొస అడుగునకు పోవును. ఒక్క రీలు ఈ ఉపాయముతో రెండింటి పని చేయును.

చెడిన దారమును ఏమి చేయవలెనను సంగతి మిగిలినది. కాలువగట్టున పారవేయుటకు మాత్రము వీలులేదు. నూలైనచో కుళ్ళి మట్టిలో కలియును, నైలాన్ కుళ్ళదు. ఎండ దానిని పెళుసు చేయునేగాని మట్టిలో కలుపలేదు. ఒక ఆదివారము ఏలూరు కాలువ గట్టున తుమ్మకొమ్మకు తెల్లకొంగ యొకటి తలక్రిందుగా వ్రేలాడుచుండగా చూచితిమి. ఎవరో పారవేసిన దారము దాని కాలికిని రెక్కకును చుట్టుకొన్నది. బరువు మోయుటకు పనికిరాని దారము కొంగను బంధించుటకు చాలినది. ఒక పిల్లవాడు చెట్టెక్కి కొమ్మ వంచగా, మేము కత్తెరతో కోసి విడిపించితిమి. కాలు వాచియుండెను. కొంతదూరము కుంటుచు నడచి, పిమ్మట ఎగిరి నీటి ఆవలిగట్టున వ్రాలినది. చెడిన దారమును కాల్చుటయు మంచిది కాదు. అది కరగి చేతికి అంటుకొన్నచో చర్మము ఊడివచ్చును, ఆ పొగయు చెడ్డది.

కిటికీకడి రీలునుండి తీసిన పదునైదు బారలను ఆ పిల్లలిద్దరును నా వరండాలో కూర్చుండి, కత్తెరతో జానకంటె చిన్న ముక్కలుగా కోసిరి. వానిని పాత హార్లిక్సు సీసాలో పోసి మూత బిగించితిమి. మరునాటి ఉదయము చెత్తబండి వచ్చినపుడు చిన్నవాడు ఆ సీసాను బండివానికి ఇచ్చి, ఇందులో గాలపు దారమున్నది, మూత తీయవద్దని రెండుసార్లు చెప్పి వచ్చెను.